పొడిబారని, రుచి తగ్గని మీట్‌లోఫ్ ఇంట్లో చేయడం ఎలా

ఖీమాను ముద్దగా కలిపి, రొట్టె ఆకారంలో తీర్చి, ఓవెన్‌లో కాల్చి ముక్కలుగా కోసుకుని తినేదే మీట్‌లోఫ్. ఇంతకంటే తేలికైన మాంసం వంట ఉండదనిపిస్తుంది. తీరా చేశాక కత్తి పెట్టగానే పొడిపొడిగా రాలిపోతుంది, లేదా రబ్బరులా సాగుతుంది, అదీ కాకపోతే చప్పగా ఉంటుంది. అప్పుడు చాలామంది చేసే పని మసాలా పెంచడం. దాంతో ఒరిగేది ఏమీ లేదు. మాంసంలోని ఊట బయటికి కారిపోతే రుచి కూడా దాని వెంటే పోతుంది, మిగిలిన పిప్పికి ఎంత మసాలా పట్టించినా నోటికి పిప్పిలాగే తగులుతుంది. అందుకే కింద చెప్పిన పనుల్లో సగానికి పైగా ఆ ఊటను ముక్కలోనే నిలిపి ఉంచడానికి చేసేవి.

ఆరు నుంచి ఎనిమిది మందికి కావలసినవి:

ఖీమా 900 గ్రాములు (బీఫ్ 600, పోర్క్ 300)
అంచులు తీసిన తెల్ల బ్రెడ్ 80 గ్రాములు, అంటే సుమారు మూడు స్లైసులు
పాలు 120 మి.లీ.
గుడ్లు 2
ఉల్లిపాయ పెద్దది 1, వెల్లుల్లి రెబ్బలు 4
బటన్ పుట్టగొడుగులు 150 గ్రాములు
వెన్న లేదా నూనె 2 టేబుల్‌స్పూన్లు
టొమాటో పేస్ట్ 1 టేబుల్‌స్పూన్
సోయా సాస్ 1 టేబుల్‌స్పూన్, వూస్టర్‌షైర్ సాస్ 1 టేబుల్‌స్పూన్
మెత్తని ఉప్పు 10 గ్రాములు (రెండు టీస్పూన్లకు కాస్త తక్కువ)
మిరియాల పొడి 1 టీస్పూన్, స్మోక్డ్ పాప్రికా 1 టీస్పూన్, ఎండు థైమ్ 1 టీస్పూన్
సన్నగా తరిగిన పార్స్లీ ఒక గుప్పెడు
తురిమిన చెడార్ చీజ్ 60 గ్రాములు (ఇష్టమైతే)
జెలటిన్ పొడి 1 టీస్పూన్ (ఉంటే తప్పకుండా వేయండి)

పై పూతకు: టొమాటో కెచప్ 150 మి.లీ., బ్రౌన్ షుగర్ 3 టేబుల్‌స్పూన్లు, యాపిల్ సైడర్ వెనిగర్ 2 టేబుల్‌స్పూన్లు, ఆవపిండి సాస్ 1 టీస్పూన్, చిటికెడు కారం.

మాంసం ఎంపిక

ఖీమాలో కొవ్వు 20 శాతం ఉండాలి. ఆరోగ్యం కోసమని 10 శాతం కొవ్వున్న ఖీమా తెచ్చుకుంటే మీట్‌లోఫ్ ఎండిపోతుంది. 15 శాతానికి తగ్గకుండా చూసుకోండి. బీఫ్ ఒక్కటే వేస్తే రుచి గాఢంగా వస్తుంది కానీ ముక్క కాస్త బిరుసెక్కుతుంది. మూడో వంతు పోర్క్ కలిపితే ఆ బిరుసుతనం తగ్గుతుంది. ఈ రెండూ తినని ఇంట్లో మటన్ ఖీమా 900 గ్రాములూ వాడవచ్చు. మటన్ వాసన ఎక్కువ కనుక చీజ్ మానేసి, పార్స్లీ రెట్టింపు చేయండి. చికెన్ లేదా టర్కీతో చేస్తే రొమ్ము మాంసం ఒక్కటే తీసుకోవద్దు, తొడ మాంసం ఖీమా చేయించండి. అందులో కొవ్వు తక్కువ కాబట్టి పుట్టగొడుగులు అస్సలు మానవద్దు.

మాంసాన్ని ముద్దలో కలిపే క్షణం దాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి. వెచ్చబడితే కొవ్వు మెత్తబడి చేతులకు, గిన్నెకు పూతలా అంటుకుంటుంది. అలా అంటుకున్న కొవ్వు ఓవెన్‌లో అన్నిటికంటే ముందు కరిగి ట్రేలోకి పోతుంది.

పాలలో నానిన బ్రెడ్

ఈ వంటకు ప్రాణం ఇదే. బ్రెడ్‌ను చిన్న ముక్కలుగా తుంచి, పాలు పోసి, పది నిమిషాలు వదిలేయండి. తర్వాత ఫోర్కుతో మెదపండి. ఎక్కడా తెల్లటి గట్టి ముక్క కనపడకూడదు. గిన్నె వంచితే పాలు విడిగా కారకుండా, పసిపిల్లలకు పెట్టే మెత్తని గుజ్జులా చెంచాకు పట్టుకుని ఉండాలి. పాలు విడిగా తేలుతున్నాయంటే ఇంకో అర స్లైసు బ్రెడ్ వేయండి. గట్టిగా ఉంటే రెండు చెంచాల పాలు పోయండి.

దీని పని ఏమిటంటే, మాంసం వేడెక్కినప్పుడు అందులోని ప్రొటీన్లు ఒకదానికొకటి పెనవేసుకుని బిగుసుకుంటాయి, మధ్యలో ఉన్న నీటిని బయటికి పిండేస్తాయి. పాలను పీల్చుకున్న బ్రెడ్ గుజ్జు వాటి మధ్య అడ్డుగా నిలుస్తుంది, పిండిన నీటిని కూడా తనలోకి తీసుకుంటుంది. ఎండు బ్రెడ్ పొడిని నేరుగా ఖీమాలో చల్లితే జరిగేది దీనికి తలకిందులు. ఆ పొడి తన దాహం తీర్చుకోవడానికి మాంసంలోని నీటినే తాగేస్తుంది. ఎండు పొడి తప్ప ఇంట్లో వేరేది లేకపోతే 60 గ్రాముల పొడికి 150 మి.లీ. పాలు పోసి ముందే నానబెట్టండి. పాలు సరిపడని వాళ్లు ఉప్పు లేని మాంసం స్టాక్ పోసుకోవచ్చు.

జెలటిన్ వేసేట్టయితే దాన్ని పాలతోపాటే బ్రెడ్ మీద చల్లి నానబెట్టండి. ఎముకలు, జాయింట్లు గంటల తరబడి ఉడికితే వచ్చే జిగురు ఖీమాకు గంటలో రాదు. ఆ జిగురును ఒక టీస్పూన్ జెలటిన్ అరువు తెస్తుంది. ముక్క నోట్లో కాస్త జారుడుగా, రసభరితంగా తగులుతుంది.

ఉల్లిపాయ పచ్చిగా వేయకండి

పచ్చి ఉల్లిపాయ ముక్కలు గంట కాలినా పూర్తిగా మగ్గవు. ముద్ద లోపల నీరు వదులుతాయి, ఆ నీరున్న చోటల్లా ముక్క విడిపోతుంది, పైగా పచ్చి వాసన పోదు. కనుక ముందే వేయించాలి.

పుట్టగొడుగులను ఖీమా పలుకంత సన్నగా తరగండి. మిక్సీలో రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పినా చాలు, పేస్ట్ కానివ్వకండి. వెడల్పాటి పాన్‌లో ఒక టేబుల్‌స్పూన్ వెన్న వేసి, మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ మంట మీద పుట్టగొడుగులు వేయండి. మొదట నీరంతా ఊరి పాన్‌లో చప్పుడు తగ్గిపోతుంది. నీరు ఇంకాక మళ్లీ చిటపటలు మొదలవుతాయి. ఆ చప్పుడు తిరిగి వినిపించే దాకా ఆగండి, ఆరేడు నిమిషాలు పడుతుంది. అప్పుడు మిగిలిన వెన్న, సన్నగా తరిగిన ఉల్లిపాయ, చిటికెడు ఉప్పు వేసి, మంట తగ్గించి ఎనిమిది నిమిషాలు వేయించండి. ఉల్లి లేత బంగారు రంగుకు వస్తే చాలు, ముదురు గోధుమ రంగు అక్కర్లేదు. పై పూతలో తీపి ఎలాగూ ఉంది. వెల్లుల్లి వేసి అర నిమిషం, టొమాటో పేస్ట్ వేసి ఇంకో రెండు నిమిషాలు తిప్పండి. పేస్ట్ ఎరుపు నుంచి ఇటుక రంగుకు మారి, పాన్ అడుగుకు అంటుకోవడం మొదలెడితే దాని పచ్చిదనం పోయినట్టు. సోయా సాస్, వూస్టర్‌షైర్ సాస్ పోసి, అడుగున పట్టినదంతా గీకి దించేయండి.

ఒక పళ్లెంలో పలచగా పరిచి పూర్తిగా చల్లార్చండి. ఇక్కడ తొందరపడితే, వేడి మిశ్రమం తగిలిన చోటల్లా ఖీమాలో కొవ్వు కరుగుతుంది. ఇందాక ఫ్రిజ్‌లో పెట్టి కాపాడిందంతా వృథా.

కలపడం

ముందుగా పెద్ద గిన్నెలో బ్రెడ్ గుజ్జు, గిలకొట్టిన గుడ్లు, చల్లారిన ఉల్లి మిశ్రమం, ఉప్పు, మిరియాలు, పాప్రికా, థైమ్, పార్స్లీ, చీజ్ అన్నీ వేసి మాంసం లేకుండానే బాగా కలిపేయండి. మసాలా అంతటా సమానంగా పట్టేది ఈ దశలోనే. ఆ తర్వాతే ఫ్రిజ్ నుంచి ఖీమా తీసి, చిన్న చిన్న ఉండలుగా విడదీసి పైన వేయండి.

వేళ్లు విప్పి, అడుగు నుంచి పైకి తిరగేస్తూ కలపండి. పిసకవద్దు. చపాతీ పిండి కలిపే అలవాటున్న చేతులు తెలియకుండానే అరచేతి అడుగుభాగంతో నొక్కుతాయి, దాన్ని ఆపుకోవాలి. ఒక నిమిషం సరిపోతుంది. తెల్లటి బ్రెడ్ చారలు కనిపించకుండా పోగానే ఆపేయండి. ముద్దను దగ్గరగా చూస్తే ఖీమా పలుకులు ఇంకా విడివిడిగా తెలుస్తుండాలి. అవన్నీ కలిసిపోయి, నున్నటి పేస్ట్‌లా వేళ్ల మధ్య తీగలు సాగుతున్నాయంటే హద్దు దాటిపోయింది. ఉప్పు తగిలిన మాంసాన్ని ఎక్కువగా మర్దిస్తే మయోసిన్ అనే ప్రొటీన్ బయటికి వచ్చి జిగురవుతుంది. సాసేజ్‌కు కావలసింది ఆ జిగురే, అందుకే అది పళ్ల కింద టక్కున తెగుతుంది. మీట్‌లోఫ్ మాత్రం ఫోర్కు ఆనించగానే మెత్తగా విడిపోవాలి. ఉప్పును మాంసం మీద నేరుగా చల్లి నానబెట్టవద్దని చెప్పేది కూడా ఇందుకే.

ఇప్పుడు ఉప్పు చూడాలి. పచ్చి ముద్దను నాలుక మీద పెట్టకండి. నిమ్మకాయంత ముద్ద తీసి బిళ్లలా వత్తి, పాన్‌లో రెండు వైపులా పూర్తిగా ఉడికే దాకా కాల్చి తినండి. ఉప్పు తగ్గినా, మిరియాలు చాలకపోయినా సరిదిద్దుకోగలిగేది ఈ ఒక్క చోటే. పైన తీపి, పులుపు ఉన్న పూత వస్తుంది కాబట్టి బిళ్ల కొంచెం ఘాటుగా అనిపించినా ఫర్వాలేదు. చప్పగా అనిపిస్తే మాత్రం వదిలేయకండి.

రూపు: పాన్‌లోనా, ట్రే మీదా?

ట్రే మీదే చేయమని మా గట్టి సలహా. లోఫ్ పాన్‌లో ఒత్తి పెడితే నాలుగు వైపులా గోడలే. కారిన కొవ్వు, నీరు ఎటూ పోలేక మాంసం అందులోనే ఉడుకుతుంది. పైభాగం తప్ప ఎక్కడా ఎర్రగా కాలదు. ట్రే మీద విడిగా పెడితే పైన, పక్కలా అంతా వేడిగాలి తగిలి రంగు తిరుగుతుంది, పూత రాయడానికి చోటు కూడా మూడింతలు.

ట్రేలో బేకింగ్ పేపర్ పరిచి, ముద్దను 25 సెం.మీ. పొడవు, 12 సెం.మీ. వెడల్పు, 6 నుంచి 7 సెం.మీ. ఎత్తులో దిమ్మెలా తీర్చండి. ఎత్తు పెరిగితే మధ్య ఉడికేసరికి అంచులు ఎండుతాయి. కొసలు సన్నగా వదలకండి, అవి ముందు మాడతాయి. చేతులు తడి చేసుకుని పైన, పక్కల నిమిరి నున్నగా చేయండి. పగుళ్లు, మడతలు ఉంటే ఇప్పుడే పూడ్చాలి, ఓవెన్‌లో అవే పెద్దవవుతాయి.

లోఫ్ పాన్ తప్ప దారి లేకపోతే 23 × 13 సెం.మీ. పాన్ తీసుకుని, బేకింగ్ పేపర్‌ను రెండు అంచులూ బయటికి వేలాడేలా పరిచి ముద్ద పెట్టండి. సగం కాలాక పాన్‌ను జాగ్రత్తగా వంచి కొవ్వు ఒంపేయాలి. చివరికి ఆ పేపర్ కొసలు పట్టుకుని ఎత్తితే లోఫ్ విరగకుండా వస్తుంది.

లోపల ఉడికించిన గుడ్లు వరసగా పెట్టి చుట్టూ ముద్ద కప్పడం జర్మనీలో పాత పద్ధతి. కోసినప్పుడు ప్రతి ముక్కలో గుడ్డు చక్రం కనపడుతుంది. అలా చేసేట్టయితే గుడ్లను తడి లేకుండా తుడిచి, పైన కాస్త పిండి దొర్లించండి. లేకపోతే మాంసం పట్టుకోదు, ముక్క కోయగానే గుడ్డు జారి బయట పడుతుంది.

కాల్చడం, పూత రాయడం

ఓవెన్‌ను 175 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి ట్రేను మధ్య అరలో పెట్టండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 160 చాలు. 200 దాటితే త్వరగా అయిపోతుందనుకోవద్దు. బయటి పొర బిగుసుకుపోయి లోపలి నీటిని పిండేస్తుంది, పైన పగుళ్లు తీస్తుంది.

లోఫ్ కాలుతుండగా పూతకు చెప్పినవన్నీ చిన్న గిన్నెలో వేసి, సన్న మంట మీద నాలుగైదు నిమిషాలు ఉడికించండి. చెంచాతో ఎత్తి వదిలితే ధారగా కాక బొట్లుగా జారాలి. పలచగా ఉంటే ట్రేలోకి కారిపోయి అక్కడ మాడుతుంది. పచ్చి మాంసానికి పూసిన బ్రష్‌ను మళ్లీ గిన్నెలో ముంచకుండా, రెండు సార్లకు సరిపడా పూతను రెండు గిన్నెల్లో వేరుగా పెట్టుకోండి.

మొదటి నుంచే పూత వేస్తే చక్కెర మాడి చేదెక్కుతుంది. 40 నిమిషాలకు ట్రే బయటికి తీసి, చేరిన కొవ్వును కాగితపు టవల్‌తో అద్ది, సగం పూత రాయండి. 15 నిమిషాల తర్వాత మిగిలిన సగం. మొదటి పొర ఆరి జిగటగా మారి ఉంటుంది, అందుకే రెండోది జారకుండా దాన్ని పట్టుకుంటుంది. మొత్తం 60 నుంచి 75 నిమిషాలు పడుతుంది, లోఫ్ పాన్‌లో అయితే ఇంకో పది నిమిషాలు.

నిమిషాలను నమ్మి దించకండి. మాంసం థర్మామీటర్ ముల్లును పక్క నుంచి, సరిగ్గా నడిమధ్యకు దింపి చూడండి. పైనుంచి గుచ్చితే ఆ రంధ్రంలోంచి ఊట పొంగుతుంది. బీఫ్, పోర్క్, మటన్ అయితే 71 డిగ్రీలు, చికెన్, టర్కీ అయితే 74 డిగ్రీలు రావాలి. పెద్ద మాంసం ముక్కకు సూక్ష్మజీవులు పైపొర మీదే ఉంటాయి. ఖీమా కొట్టినప్పుడు ఆ పైపొర అంతా లోపలికి కలిసిపోతుంది. అందుకే స్టేక్‌కు చెల్లే పచ్చిదనం దీనికి చెల్లదు. అలాగని 80 దాకా పోనివ్వకండి, అక్కడ మీట్‌లోఫ్ ఎండిపోవడం ఖాయం. దించాక కూడా లోపలి వేడి రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. చేయి తిరిగినవాళ్లు 69 దగ్గర దించి, ముల్లు తీయకుండా 71 చేరిందో లేదో చూస్తారు. చేరకపోతే తిరిగి ఓవెన్‌లో పెట్టాలి.

పూత ఇంకా మెరవాలనిపిస్తే చివరి రెండు నిమిషాలు పై మంట పెట్టండి. అప్పుడు ఓవెన్ ముందు నుంచి కదలవద్దు. చక్కెర మాడడానికి అర నిమిషం చాలు.

పదిహేను నిమిషాల ఓపిక

దించగానే కోస్తే పలక మీద ఒక చిన్న మడుగు కడుతుంది. ఇంతసేపు కాపాడిన ఊట అదే. 15 నిమిషాలు వదిలేస్తే లోపలి వేడి సర్దుకుని, బ్రెడ్ గుజ్జు, జెలటిన్ చిక్కబడి ఆ ఊటను పట్టుకుంటాయి. గట్టిగా మూత పెట్టవద్దు, ఆవిరికి పూత మెత్తబడి జారుతుంది. తర్వాత పొడవాటి పదునైన కత్తితో, నొక్కకుండా రంపం కోసినట్టు లాగుతూ 2 సెం.మీ. మందం ముక్కలు కోయండి. సరిగ్గా కుదిరిన ముక్క కోసిన వైపు తడిగా మెరుస్తుంది కానీ పళ్లెంలో నీరు చేరదు. మధ్యలో చిన్న చిన్న గుల్లలు కనిపిస్తాయి, అంచున ఒక మిల్లీమీటరు మేర ముదురు పొర ఉంటుంది.

ఎక్కడ తేడా వచ్చిందో గుర్తుపట్టడం

ముక్కలు రాలిపోతున్నాయంటే గుడ్డు తగ్గిందా అని ముందు చూడండి. 450 గ్రాముల మాంసానికి ఒక గుడ్డు లెక్క. గుడ్లు సరిపోతే కూరగాయ ముక్కలు పెద్దవైనా అయ్యుండాలి, విశ్రాంతి చాలకపోయినా అయ్యుండాలి. గట్టిగా, సాగుతూ ఉంటే ఎక్కువ కలిపారు, లేదా బ్రెడ్ తక్కువైంది. మెత్తగా ముద్దలా, కూర పిసికినట్టుందంటే పాలు ఎక్కువై ఉంటాయి, లేకపోతే పుట్టగొడుగుల నీరు ఇంకకుండానే దించి ఉంటారు.

పైన పగుళ్లు రావడానికి వేడి ఎక్కువ కావడం ఒక కారణం, తడి చేత్తో నిమరకపోవడం ఇంకోటి. చిన్న పగుళ్లను పూత కప్పేస్తుంది, బెంగ అక్కర్లేదు. పక్కల నుంచి తెల్లటి నురగలాంటిది కారితే అది మాంసంలోని ప్రొటీన్ మాత్రమే, తుడిచేస్తే సరి.

71 డిగ్రీలు దాటినా మధ్యలో గులాబీ రంగు కనపడడం చాలామందిని కంగారు పెడుతుంది. కొన్ని కూరగాయల్లో సహజంగా ఉండే నైట్రేట్ల వల్ల మాంసం ఉడికినా ఆ రంగు నిలిచిపోవచ్చు. దీనికి వ్యతిరేకంగా, లోపల సరిగా ఉడకని ఖీమా కూడా గోధుమ రంగుకు తిరగవచ్చు. రంగు సాక్ష్యం చెల్లదు, ముల్లు చూపిన అంకె ఒక్కటే చెల్లుతుంది.

ఓవెన్ లేని ఇంట్లో

ముద్దను రెండు సన్నటి దిమ్మెలుగా, ఒక్కోటి 6 సెం.మీ. మందంలో తీర్చి, నూనె రాసిన అల్యూమినియం ఫాయిల్‌లో బిగించి చుట్టి, ఆవిరి మీద గంటసేపు ఉడికించండి. ఉష్ణోగ్రత చూశాక దించి, పూర్తిగా చల్లార్చి, ఫాయిల్ విప్పి, వెడల్పాటి పాన్‌లో కొద్ది నూనెతో నాలుగు వైపులా ఎర్రగా కాల్చండి. చివర్లో పూత వేసి సన్న మంట మీద ఒకసారి దొర్లించండి. ఫిలిప్పీన్స్‌లో ఎంబుటీడో అనే వంటకాన్ని చేసేది దాదాపు ఈ తీరులోనే. ఓవెన్‌లో చేసినంత ముదురు పొర రాదు కానీ లోపలి మెత్తదనానికి లోటుండదు.

మిగిలినది దాచుకోవడం

వండాక రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజులు బాగుంటుంది. ఫ్రీజర్‌లో దాచేట్టయితే దిమ్మెగా కాక ముక్కలుగా కోసి, మధ్యన బేకింగ్ పేపర్ పెట్టి చుట్టండి, మూడు నెలల్లోపు వాడేయండి. కాల్చని ముద్దను ముందు రోజే తీర్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు కానీ ఒక్క రాత్రికి మించి వద్దు. ఉప్పు లోపల తన పని చేస్తూనే ఉంటుంది, ముద్ద బిగుసుకుంటుంది. చల్లగా ఓవెన్‌లోకి వెళ్తుంది కాబట్టి పది నిమిషాలు అదనంగా పడుతుంది.

తిరిగి వేడి చేయడానికి మైక్రోవేవ్ కంటే పాన్ మేలు. ఫ్రిజ్ నుంచి తీసిన ముక్కను ఒకటిన్నర సెం.మీ. మందంలో కోసి, కాస్త వెన్న కాగిన పాన్‌లో మధ్యస్థ మంట మీద పెట్టి, మూడు నిమిషాలు కదపకుండా వదిలేయండి. అడుగున కరకరలాడే పొర కట్టాక తిప్పి, రెండో వైపు కాలుతుండగా మూత పెడితే లోపల కూడా 74 డిగ్రీలకు చేరుతుంది. మొదటి రోజు అసలు లోఫ్ కంటే ఇలా కాల్చిన ముక్కనే ఎక్కువ ఇష్టపడేవాళ్లుంటారు. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే కొలతలు రెట్టింపు చేసి రెండు లోఫ్‌లు పెట్టండి. ఒకే పెద్ద దిమ్మె మాత్రం చేయకండి, మధ్యభాగం ఉడికే లోపు అంచులు ఎండిపోతాయి.